మన థానా కాగితం జెనీవా దాకా ఎలా వెళ్తుంది

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుకి దగ్గర్లో ఉన్న గుణుపురంలో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. తెలుగులో చెబితే ఒడియాలో టైపు చేసిస్తాను, ఒడియా కాగితం తెస్తే తెలుగులో చదివి చెబుతాను. ఈ రెండో పనికి బోర్డు లేదు, రేటూ లేదు. ఎవరికి తోచింది వాళ్లు ఇస్తారు, ఒక్కోసారి నాలుగు వంకాయలు పెట్టి పోతారు. 2024 జులైలో మా పెద్దమ్మ కొడుకు ఒక కాగితం మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. "తమ్ముడూ, ఇందులో ఏటి రాసుందో చూడు. సంతకం పెట్టమంటే పెట్టేసినాను" అన్నాడు.

పొలం గట్టు తగాదాలో ఎవరో కంప్లైంట్ ఇస్తే మా వైపు ఒక థానాకి, అంటే పోలీస్ స్టేషన్‌కి పిలిచారు. ఏ థానా అన్నది ఇక్కడ అనవసరం. సాయంత్రం వెళ్లినవాడు మర్నాడు మధ్యాహ్నం దాకా బెంచీ మీదే ఉన్నాడు. కాగితంలో మాత్రం ఉదయం పదింటికి వచ్చాడు, సాయంత్రం ఐదింటికి పంపేశాం అని ఉంది. చివరి వాక్యం ఏంటంటే, ఇదంతా నాకు చదివి వినిపించారు, నాకు అర్థమైంది అని. దాని కింద అన్నయ్య సంతకం, తెలుగులో. ఆయనకి ఒడియా మాట్లాడటం వచ్చు, సంతలో బేరాలన్నీ అందులోనే, కానీ అక్షరం ముక్క రాదు. ఒడియా, తెలుగు రెండూ గుండ్రటి అక్షరాలే కాబట్టి దూరం నుంచి చూస్తే ఆ సంతకం కూడా ఆ కాగితంలో కలిసిపోయినట్టే ఉంది. కాపీ అడిగితే, వాళ్లు ఏ కళనున్నారో గానీ, ఇచ్చారు.

అదే నెల 15, 16 తేదీల్లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ముందు మన దేశం కూర్చుంది. పౌర, రాజకీయ హక్కులు ఇక్కడ ఎలా అమలవుతున్నాయని కమిటీ అడుగుతుంటే అటార్నీ జనరల్ వెంకటరమణి గారితో సహా పెద్ద బృందం సమాధానాలు చెప్పింది. మొదటిరోజు సాయంత్రం షాపులో ఫోన్ మీద చూస్తూ ఉన్నాను, పక్కన టేబుల్ మీద అన్నయ్య కాగితం ఉంది. ఆ గదిలో అడిగే ప్రశ్నలకీ ఈ కాగితానికీ మధ్య దారి ఉంది. ఆ దారిలో ఎలా వెళ్లాలో, ఎక్కడెక్కడ బోల్తా పడతామో ఇక్కడ రాస్తున్నాను. సరిహద్దులో ఉండే మన తెలుగువాళ్లకి, అంటే గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, బరంపురం వాళ్లకి ఇది ఎక్కువ పనికొస్తుంది. సిరొంచ వైపు వాళ్లు ఒడియా అన్నచోటల్లా మరాఠీ అని చదువుకోండి, మిగతాదంతా ఇంచుమించు ఇదే.

ముందు ఒక మాట. జెనీవా మీ కేసు తేల్చదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికని ఐక్యరాజ్యసమితి 1966 డిసెంబర్ 16న ఆమోదించింది, 1976లో అమల్లోకి వచ్చింది, మన దేశం 1979 ఏప్రిల్ 10న అందులో చేరింది. కానీ దానికి తోకలాగా ఇంకో ఐచ్ఛిక ఒప్పందం ఉంది, ఒక్కో మనిషి నేరుగా కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించేది అదే, అందులో మనం చేరలేదు. కాబట్టి ఎవరైనా మీ దగ్గరికొచ్చి జెనీవాలో కేసు వేయిస్తా, ఖర్చులకి పదివేలు ఇవ్వు అంటే టీ తాగించి పంపేయండి. మనకి తెరిచి ఉన్నది ఒక్కటే తలుపు. కొన్నేళ్లకోసారి దేశం మొత్తం లెక్క అప్పజెప్పాలి కదా, ఆ లెక్క చూసేవాళ్ల చేతికి మన దగ్గర ఏం జరుగుతోందో ముందే అందించడం.

ఆ చూసేవాళ్లెవరో కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా తికమక పడతారు. మానవ హక్కుల కమిటీ వేరు, మానవ హక్కుల మండలి వేరు. కమిటీలో 18 మంది నిపుణులు ఉంటారు, వాళ్లు ఏ ప్రభుత్వం తరఫునా మాట్లాడరు, తమ దేశం వంతు వస్తే ఆ నిపుణుడు పక్కకి తప్పుకుంటాడు. మండలిలో ఉండేది 47 దేశాల ప్రభుత్వాలు. మండలి కూడా ప్రతి దేశాన్నీ నాలుగున్నరేళ్లకోసారి పరిశీలిస్తుంది, దాన్ని సార్వత్రిక సమీక్ష అంటారు. మన వంతు 2008, 2012, 2017, 2022లో వచ్చింది, ఆ లెక్కన 2027 చుట్టుపక్కల మళ్లీ రావాలి. మండలి దగ్గర దేశాలు దేశాలని అడుగుతాయి కాబట్టి అందులో మొహమాటాలు, మీ వీపు నేను గోకుతా నా వీపు నువ్వు గోకు వ్యవహారాలు ఉంటాయి. కమిటీలో ఆ బెడద తక్కువ, ఆర్టికల్ పట్టుకుని సూటిగా అడుగుతారు. నా ఓటు కమిటీకే. ఓపిక ఉంటే మాత్రం రెండింటికీ పంపండి, ఒకసారి రాసింది రెండోసారి కుదించి వాడుకోవచ్చు.

కమిటీ దగ్గర మన వంతు ఎప్పుడెప్పుడు వచ్చిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 1997 జులైలో మూడో నివేదిక మీద చర్చ జరిగింది. నాలుగోది 2001 చివరికల్లా ఇవ్వాలి. దాని మీద చర్చ 2024లో జరిగింది. మధ్యలో 27 ఏళ్లు. అప్పుడు పుట్టిన పిల్లకి ఇప్పుడు పెళ్లయి పిల్లలు కూడా ఉంటారు. ఇప్పుడు కమిటీ ఎనిమిదేళ్ల క్యాలెండర్ పెట్టుకుంది, దాని ప్రకారం 2030లో మన ప్రభుత్వానికి ప్రశ్నల జాబితా పంపుతుంది, దానికి రాసిచ్చే జవాబే నివేదిక అవుతుంది, చర్చ 2032లో. ఇంకా బోలెడు టైముందని ఫైలు అటకెక్కించొద్దు. ప్రశ్నల జాబితా తయారయ్యేలోపు మీ విషయం వాళ్లకి చేరకపోతే మీ ఊరి సంగతి ప్రశ్నే కాదు, ప్రశ్న కానిదానికి జవాబు ఎవరూ చెప్పరు. ఆ జాబితా తయారయ్యేలోపు మనం కమిటీకి పంపాల్సిన రిపోర్టుకి కాగితాలు ఇప్పట్నుంచే పోగవ్వాలి.

ఇక పనిలోకి వద్దాం. మొదట మీ గోడు ఒడంబడికలో ఏ ఆర్టికల్ కిందికి వస్తుందో చూసుకోండి. అన్యాయం జరిగింది అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, తొమ్మిదో ఆర్టికల్ రెండో క్లాజు ప్రకారం ఇది జరగాల్సింది, జరగలేదు అని రాస్తే ఆగి చదువుతారు. ఆరు అంటే ప్రాణం. ఏడు, పది కొట్టడం, హింస, లోపల మనిషిని మనిషిగా చూడకపోవడం. తొమ్మిది అరెస్టు. పద్నాలుగు కోర్టు విచారణ. పంతొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై రెండు మాట, సభ, సంఘం. ఇరవై అయిదు ఓటు, ప్రజా వ్యవహారాల్లో పాలు పంచుకోవడం. ఓటు విషయంలో కోరాపుట్ జిల్లా కొటియా ఊళ్లవాళ్లకి ఒక పెద్ద కథే ఉంది, 21 ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర 1968 నుంచి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి, 2021లో ఆంధ్ర వాళ్లొచ్చి అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకెళ్లింది. రెండు రాష్ట్రాలూ నా ఓటరువే అంటుంటే ఆ మనిషి ప్రజా వ్యవహారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మీరే చెప్పండి.

మనలాంటివాళ్లకి అసలు ఆర్టికల్ ఇరవై ఏడు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లు తమవాళ్లతో కలిసి తమ భాష వాడుకునే హక్కుని కాదనకూడదు అంటుంది. దీన్ని చూసి చాలామంది అబ్బో అనుకుని ఆగిపోతారు. అలా కాకుండా దాన్ని మన దేశంలో ఉన్న నిబంధనకి ముడిపెట్టాలి, అప్పుడే దానికి పళ్లొస్తాయి. రాజ్యాంగంలో 350ఏ ప్రకారం ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలి. 1949 నాటి విద్యామంత్రుల సమావేశం అనుకున్న లెక్క ప్రకారం తరగతిలో 10 మందో, బడి మొత్తంలో 40 మందో ఆ భాష పిల్లలుంటే టీచర్ని ఇవ్వాలి. ఒక ప్రాంతంలో 15 శాతం పైన ఆ భాషవాళ్లుంటే ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు ఆ భాషలో కూడా వేయాలని 1961లో ముఖ్యమంత్రులు ఒప్పుకున్నారు. ఇవన్నీ చూడటానికి 350బీ కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ అని ఒక ఆఫీసే ఉంది. మా షాపుకొచ్చే పదిమందిలో ఒక్కరికి కూడా ఆ ఆఫీసు పేరు తెలీదు. కాబట్టి మీ ఊళ్లో తెలుగు బడి మూతబడితే, ఏ ఏడు ఎంతమంది పిల్లలున్నారు, టీచర్ పోస్టు ఎప్పుడు ఖాళీ అయింది, ఎన్ని అర్జీలు పెట్టారు అన్నవి ఇరవై ఏడో ఆర్టికల్ కింద సరుకు.

ఇరవై ఏడు భాషకే పరిమితం అనుకోవద్దు. తమ సంస్కృతి ప్రకారం బతకడం కూడా అందులోదే, నేల, నీళ్లు, అడవి అందులోకే వస్తాయి. పెరూలో ఒక ఆదివాసీ రైతు మేత భూమికి నీళ్లు మళ్లించేసిన కేసులో, 2009లో, ముందుగా స్వేచ్ఛగా వాళ్ల సమ్మతి తీసుకోవాల్సిందని కమిటీ తేల్చింది. మా రాయగడ జిల్లావాళ్లకి ఇది వింటే నియమగిరి కొండల్లో బాక్సైట్ గని గొడవ గుర్తు రావాలి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంటే, రాయగడలో ఏడు, కలహండిలో అయిదు, పన్నెండు సభలూ గని వద్దన్నాయి. దాని మీద నేను కొత్తగా రాయాల్సింది లేదు.

అన్నయ్య కాగితం సంగతికి వస్తాను. ఆర్టికల్ తొమ్మిది రెండో క్లాజు, అరెస్టు చేసినప్పుడే కారణం చెప్పాలంటుంది. పద్నాలుగు మూడో క్లాజు, కేసేంటో ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటుంది, కోర్టు భాష రాకపోతే ఉచితంగా దుభాషి సాయం ఉండాలంటుంది. ఇదేదో విదేశీ సరుకు అని ఎవరైనా కొట్టిపారేస్తే మన కోర్టులే ఏమన్నాయో చూపించండి. 1962లోనే హరికిసన్ కేసులో, ఇంగ్లీషు రాని మనిషికి నిర్బంధ కారణాలు ఇంగ్లీషులో ఇచ్చి హిందీలో నోటితో చెప్పామంటే, సుప్రీంకోర్టు కుదరదంది. 2025 నవంబర్‌లో అదే కోర్టు, ఏ నేరమైనా సరే అరెస్టు కారణాలు ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలంది. ఇంకొకటి, దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవాడి చేత సంతకం చేయించకూడదని పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) 162లోనే ఉంది, దాని బదులు వచ్చిన కొత్త సంహిత, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ మాట అలాగే ఉంది. నేను వకీలుని కాదు, మీ కాగితం ఏ రకానిదో వకీలుకి చూపించుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని, నా మాట వింటే దీనికి ఒక పూట కేటాయించండి. జరిగింది ఒక పేజీలో రాయడం. మనవాళ్లకి ఉన్న జబ్బు ఏంటంటే తాతల కాలం నుంచి మొదలుపెడతారు. అన్నయ్య చెప్పడం మొదలుపెడితే ఆ గట్టు ఎవరు వేశారో, ఎవరి మావ ఎవరికి బాకీ ఉన్నాడో అన్నీ వచ్చాయి, గంటన్నర అయ్యాక కూడా థానా మెట్టు ఎక్కలేదు. నేను అన్నీ ఆపి ఇలా అడిగాను: ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఏ బస్సు వెళ్తోంది? రాత్రి ఏం పెట్టారు? లైటు ఉందా? కాగితం ఇచ్చినప్పుడు నీ పక్కన ఎవరున్నారు? పెన్ను ఎవరిది? ఇవి పిచ్చి ప్రశ్నల్లా ఉంటాయి, కానీ మనిషికి టైము గుర్తుండదు, బస్సు గుర్తుంటుంది. చివరికి ఆ పేజీ ఇలా వచ్చింది:

"సాయంత్రం ఆరున్నర బస్సు వెళ్లిపోయాక నేను థానాకి చేరాను. రాత్రంతా వరండాలో బెంచీ మీద ఉంచారు. ఎందుకు ఉంచారో చెప్పలేదు. ఇంటికి ఫోన్ చేస్తానంటే రేపు చేద్దువులే అన్నారు. మర్నాడు పన్నెండు దాటాక ఒడియాలో రాసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నాకు ఒడియా చదవడం రాదని చెప్పాను. పర్వాలేదు పెట్టు అన్నారు. ఎవరూ చదివి వినిపించలేదు. కాపీ నా దగ్గరుంది."

అంతే. అందులో తిట్టు లేదు, దౌర్జన్యం అన్న మాట లేదు, గట్టు ఊసు లేదు. రాసినరోజు తేదీ వేసి, తెలుగులోనే సంతకం పెట్టించి, ఒడియా కాగితం జిరాక్స్ వెనక పిన్ చేశాను. చూసిన సాక్షి ఉంటే అతని మాట అతని చేతే విడిగా ఒక కాగితం మీద రాయించండి, ఇద్దరివీ కలిపి ఒకే పేజీలో రాస్తే ఒకరు చెప్పింది ఇంకొకరు వంత పాడినట్టు ఉంటుంది. ఫోన్లో తీసిన ఫొటోని వాట్సాప్‌లో పంపించుకుంటే తీసిన టైము లాంటి వివరాలు పోతాయి, అసలు ఫొటో ఫోన్లోంచి డిలీట్ చేయొద్దు. దెబ్బలుంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి చీటీ తీసుకోవాలి, రేపు అనుకుంటే దెబ్బ మానిపోతుంది, చీటీ ఉండదు.

పేజీ చేతికొచ్చాక ఇక్కడి తలుపులన్నీ తట్టాలి. రిపోర్టు పంపడానికి ముందు ఇక్కడ కేసు వేసి ఉండాలనే రూలేమీ లేదు. కానీ ఫలానా తేదీన ఫలానావాళ్లకి చెప్పాం, ఇదీ జవాబు, లేదా జవాబే లేదు అన్నది మీ మాటకి బరువు ఇస్తుంది. ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. సమాచార హక్కు కింద, పది రూపాయల ఫీజుతో, ఆ తేదీ స్టేషన్ డైరీలో ఏముందో అడగండి, ఒడిశాలో దీనికి 'Form A' అనే ఫారం నింపాలి, తెల్ల కాగితం మీద రాస్తే తిప్పి పంపుతారు. మామూలుగా ముప్పై రోజుల్లో, ప్రాణం, స్వేచ్ఛకి సంబంధించిందైతే 48 గంటల్లో జవాబివ్వాలి. సంగతి సరిహద్దు అవతల జరిగితే, మా పరిధి కాదు పొమ్మంటే, ఎక్కడ జరిగినా ఇక్కడ జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని కొత్త సంహిత చెబుతోందని గుర్తు చేయండి. గట్టిగా అరవక్కర్లేదు, మెల్లగా చెప్పినా వింటారు, కొన్నిసార్లు.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి మాత్రం తప్పకుండా రాయండి. 1993 చట్టంతో వచ్చిన ఆ కమిషన్‌కి మానవ హక్కులంటే ఏంటో చెప్పే నిర్వచనంలోనే ఈ ఒడంబడిక పేరు ఉంది, కాబట్టి ఆర్టికల్ నంబరు వేసి రాస్తే ఎవరూ కాదనలేరు. ఫీజు లేదు. ఆన్‌లైన్లో పెట్టొచ్చు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోనైనా తీసుకుంటారు, అంటే తెలుగులో కూడా. ఇంగ్లీషులో పెడితే త్వరగా కదులుతుందన్నది వేరే సంగతి. సంఘటన జరిగిన ఏడాదిలోపు పెట్టాలి, ఆ గడువు దాటితే తలుపు మూసినట్టే. రాష్ట్ర కమిషన్‌కి పెట్టేసి మళ్లీ ఢిల్లీకి పెట్టొద్దు, ఒకచోట ఉన్నది రెండోచోట తీసుకోరు. డైరీ నంబరు వస్తుంది, అది మీ పేజీ మీద పైన రాసుకోండి.

మామూలు ఉత్తరాలతో ఏమవుతుందిలే అనేవాళ్లకి మా ఒడిశాదే ఒక ఉత్తరం సంగతి చెబుతాను. 1987 డిసెంబర్‌లో సుమన్ బెహెరా అనే 22 ఏళ్ల కుర్రాణ్ణి పోలీసులు తీసుకెళ్తే మర్నాడు రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. వాళ్లమ్మ నీలబతీ బెహెరా 1988 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది, కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. 1993లో లక్షా యాభైవేలు పరిహారం ఇప్పించింది. అసలు రుచి ఇక్కడుంది: ఒడంబడికలో చేరేటప్పుడు మన ప్రభుత్వం అక్రమ అరెస్టుకి పరిహారం అడిగే హక్కు మా చట్టంలో లేదు అని ఒక మినహాయింపు పెట్టుకుంది. ఆ తీర్పులో కోర్టు సరిగ్గా ఆ తొమ్మిదో ఆర్టికల్ అయిదో క్లాజునే ఉదహరిస్తూ పరిహారం ఇప్పించింది. ఆ మినహాయింపు ఇప్పటికీ అలాగే ఉంది, మీ రిపోర్టులో దాన్ని తీసేయమని అడగొచ్చు.

ఇక రిపోర్టు. ఒక్క అన్నయ్య కాగితంతో జెనీవాకి రిపోర్టు వెళ్లదు, వెళ్లినా అక్కడ దానికి చోటుండదు. వాళ్లకి కావాల్సింది ఇది ఒక్కరికి జరిగిందా, ఇలాగే జరుగుతోందా అన్నది. కాబట్టి ఒకే రకం పేజీలు పోగేయండి. రాని భాషలో సంతకాలు అన్న ఒక్క విషయం మీద వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఏళ్లలో ఏడెనిమిది దొరికితే అది రిపోర్టు. బడి, భూమి, థానా, రేషన్ అన్నీ కలిపి ఊరి చరిత్ర రాశారో, ఎవరూ చివరిదాకా చదవరు. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్‌లో పంపాలి, మనకి ఇంగ్లీషే గతి. సొంతంగా రాయలేకపోతే ఈ పని అలవాటున్న సంస్థని, లా కాలేజీలో పనిచేసే ఎవరినైనా పట్టుకుని, వాళ్ల ఉమ్మడి రిపోర్టులో మీ రెండు పేజీలు చేర్పించండి. మండలి సమీక్షకైతే లెక్క కచ్చితం, ఒక్కరే పంపితే 2,815 పదాలు, కలిసి పంపితే 5,630, ఒక్క పదం ఎక్కువైనా ఒప్పుకోరనుకుని రాయండి.

రాసే వరస నేనైతే ఇలా పెడతాను. ఆర్టికల్ ఏంటి, 2024లో కమిటీ దాని మీద ఏమంది, ప్రభుత్వం తన నివేదికలో ఏం చెప్పుకుంది, నేల మీద ఏం జరుగుతోంది, ప్రభుత్వాన్ని ఏం అడగాలి. ఈ చివరిది చాలామంది రాయరు. కమిటీ సభ్యులు ఎన్నో దేశాల కాగితాలు చదువుతుంటారు, అడగాల్సిన ప్రశ్న మీరే తయారుచేసి ఇస్తే వాళ్లకి పని తగ్గుతుంది. భాషాపరమైన అల్పసంఖ్యాకులు ఎక్కువున్న సరిహద్దు జిల్లాల్లో ఎన్ని పోలీస్ స్టేషన్లలో దుభాషిని పిలిచే ఏర్పాటు ఉందో లెక్క చెప్పండి, ఇలా అడగాలి. అవును కాదు అని తప్పించుకోలేని ప్రశ్న, అంకె చెప్పాల్సిన ప్రశ్న.

పేర్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మీరు పంపిన రిపోర్టుని కమిటీ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడతారు, వద్దంటే రహస్యంగా ఉంచుతారు, కానీ ఆ మాట మీరే ముందు చెప్పాలి. మనిషి పేరు, ఊరు, ఇంటిపేరు తీసేయండి. చిన్న ఊళ్లో తాపీమేస్త్రి, కుడికాలు కుంటు అని రాసినా పేరు రాసినట్టే. నేను అన్నయ్యని మూడుసార్లు అడిగాను, మొదటిరోజు, వారం తర్వాత, రిపోర్టు ఫైల్లో చేర్చే ముందు. రెండోసారి వద్దన్నాడు, వదినకి టెన్షన్ పట్టుకుంది. పక్కన పెట్టేశాను. మూడోసారి తనే వచ్చి పేరు లేకుండా అయితే సరే అన్నాడు. సహకరించినవాళ్ల మీద కక్ష సాధిస్తే చూడటానికి కమిటీలో ప్రత్యేకంగా ఒక సభ్యుడుంటాడు, కానీ ఆయన ఎక్కడో దూరాన ఉంటాడు, మనం ఇక్కడ ఉంటాం.

చర్చ రోజు చూడటం మాత్రం మజాగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వెబ్ టీవీలో లైవ్ వస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలు, మర్నాడు పొద్దున మూడు గంటలు, మొత్తం ఆరు. వేసవిలో వాళ్ల మధ్యాహ్నం మూడంటే మనకి సాయంత్రం ఆరున్నర. సభ్యులు వరసగా ప్రశ్నలు అడిగేస్తారు, తర్వాత బృందం జవాబిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకి ఏ ప్రశ్నకి ఏ జవాబో అందదు, అందుకే కాగితం మీద రెండు గళ్లు గీసి కూర్చోండి, ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు. ఖాళీగా మిగిలిన గడులే మీకు కావాల్సినవి. రాజ్యాంగంలో ఈ హక్కు ఉంది, ఫలానా చట్టం ఉంది అని చెప్పింది జవాబు కిందికి రాదు, ఆ చట్టం గుణుపురంలో ఏం చేసిందో చెబితేనే జవాబు. అప్పటికప్పుడు చెప్పలేనివి ఆ బృందం 48 గంటల్లో రాసి పంపొచ్చు.

తర్వాత కొద్దిరోజులకి కమిటీ రాసిచ్చే ముగింపు పరిశీలనలు వస్తాయి. 2024వి జులై 25న బయటపెట్టారు. మైనారిటీల మీద, దళితుల మీద, ఆదివాసుల మీద వివక్ష, హింస గురించి ఆందోళన పడ్డారు, సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం, ఉగ్రవాద వ్యతిరేక చట్టాల్లో కొన్ని సెక్షన్లు ఒడంబడికకి సరిపోవడం లేదన్నారు. చదివే పద్ధతి సులువు, ప్రతి విషయానికీ ముందు ఆందోళన పేరా ఉంటుంది, దాని వెంటే ప్రభుత్వం ఏం చేయాలో చెప్పే పేరా. మీకు పనికొచ్చేది రెండోది. దాని నంబరు వేసి, రెండు లైన్లు తెలుగులోకి, ఒడియాలోకి దించి, కలెక్టరుకి పెట్టే అర్జీకి, జిల్లా న్యాయ సేవల సంస్థకి రాసే ఉత్తరానికి జోడించండి. కోర్టు ఉత్తర్వులాగా ఎవరినీ కట్టేయదు. కానీ కలెక్టరేట్‌లో గుమాస్తా ఆ కాగితం పక్కన పెట్టేముందు ఒకసారి పైకి చూపించి అడుగుతాడు, నాకు అది చాలు. కమిటీ ఎంచుకున్న కొన్ని పేరాల మీద ప్రభుత్వం మూడేళ్లలో మళ్లీ రాసివ్వాలి, ఆ జవాబుకి స్కూలు పిల్లలకి ఇచ్చినట్టు 'A' నుంచి 'E' దాకా గ్రేడు వేస్తారు, ఆ టైములో కూడా మీరు నాలుగు ముక్కలు రాసి పంపొచ్చు.

చివరిగా ఒక చిట్కా, ఇది జెనీవాలో ఎవరూ చెప్పరు. రాని భాషలో సంతకం పెట్టక తప్పని పరిస్థితి వస్తే, సంతకానికి పైన మీ భాషలో ఇలా రాయండి: "నాకు ఈ భాష చదవడం రాదు. నాకు చదివి వినిపించలేదు." తేదీ, టైము వేయండి. చదివి వినిపిస్తే వినిపించారనే రాయండి, అబద్ధం వద్దు. అన్నయ్యకి దీన్ని రెండుమూడుసార్లు రాయించి అలవాటు చేశాను.

కిందటేడు అదే గట్టు గొడవ మీద మళ్లీ పిలిచారు. మళ్లీ ఒడియా కాగితం. ఈయన పెన్ను తీసుకుని సంతకం పైన ఆ రెండు లైన్లు రాసి తేదీ వేశాడట. థానాలో రాతపని చూసే మున్షీ కాగితం తిప్పి తిప్పి చూసి, ఇదేం రాశావ్ అని అడిగాడట. తెలుగు సార్, అన్నాడట ఈయన. తెలుగు తెలిసినవాళ్లు ఎవరున్నారా అని చూస్తే థానాలో ఒక్కరూ లేరు, చివరికి బయట టీ కొట్టు కుర్రాణ్ణి కేకేసి ఆ రెండు లైన్లు చదివించుకున్నారట. చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదట. అప్పుడు మున్షీ ఆ కుర్రాణ్ణే కూర్చోబెట్టి, ఒడియాలో ఉన్నదంతా అన్నయ్యకి తెలుగులో చెప్పమన్నాడట. టైము తప్పుగా పడిందని అన్నయ్య అంటే, కొట్టేసి సరిగ్గా రాసి ఇచ్చారు. ఆ కాపీ కూడా నా ఫైల్లోనే ఉంది, ఒక మూల టీ మరకతో.